సబ్బియోనెటాలోని 1590 నాటి నాటకశాల గురించి మాట్లాడుకుందాం

కుడ్యరేఖ
ఇటలీ థియేటర్లు అనగానే మనలో చాలామంది మిలాన్‌లోని లా స్కాలా పేరు చెప్పి ఊరుకుంటారు. సబ్బియోనెటా గురించి ఈ వేదికలో ఇంతవరకు ఎవరూ రాయలేదు. నాకది పెద్ద వెలితిగా అనిపిస్తోంది, అందుకే మొదలుపెడుతున్నాను.

ఉత్తర ఇటలీలో, లొంబార్డీలో, మాంటువా జిల్లాలో ఉంది ఈ ఊరు. పో నది మైదానం, చుట్టూ పొలాలు. చుట్టుపక్కల పల్లెలు కలుపుకున్నా జనాభా నాలుగు వేల చిల్లర. ఊరి చుట్టూ నక్షత్రం ఆకారంలో కోటగోడలు, లోపల గళ్ళు గీసినట్టు వీధులు. ఆ ప్రధాన వీధిలోనే రెండంతస్తుల భవనం ఒకటి ఉంటుంది. పేరు తెయాత్రో ఆల్‌అంతీకా, అంటే ప్రాచీన పద్ధతిలో కట్టిన నాటకశాల. పని 1588లో మొదలైంది, 1590లో తలుపులు తెరిచారు. కట్టించినవాడు డ్యూక్ వెస్పాసియానో గొన్జాగా, కట్టినవాడు వాస్తుశిల్పి విన్చెన్జో స్కమోత్సి.

దీని గొప్పతనం ఏమిటంటే, అంతకుముందు ఇటలీలో నాటకాలు రాజభవనం హాల్లోనో, ముంగిట్లోనో ఆడేవారు. పండగకి చెక్కలతో స్టేజ్ కట్టేవారు, పండగ అవగానే విప్పేసేవారు. విచెన్జాలో వాస్తుశిల్పి పల్లాడియో కట్టిన ఒలింపికో థియేటర్ దీనికంటే అయిదేళ్ళు ముందుది, లోపల అద్భుతం. కానీ దాన్ని పాత కోట కట్టడంలో ఇమిడ్చారు. బయటి నుంచి చూస్తే అక్కడ థియేటర్ ఉందని తెలియదు. సబ్బియోనెటాలోది అలా కాదు. పునాది రాయి నుంచి నాటకం కోసమే, విడిగా, తనకంటూ ముఖద్వారం పెట్టుకుని, పైకప్పుతో కట్టిన భవనం. ఆధునిక యూరప్‌లో ఈ లెక్కకి ఇదే మొదటిది. ప్రేక్షకులకు ఒక దారి, కళాకారులకు వెనకవైపు వేరే దారి. ఇవాళ ఏ ఆడిటోరియమ్‌లోనైనా మామూలే అనుకునే ఏర్పాటు అప్పట్లో కొత్త ఆలోచన.

చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి.

కొత్తసభ్యుడు22
మేడమ్, చిన్న డౌట్. షేక్‌స్పియర్ కాలంలో లండన్‌లో కూడా థియేటర్లు ఉండేవి కదా? అవి ఇంకా ముందువి కాదా?

చరిత్రపిచ్చి
మంచి ప్రశ్న తమ్ముడూ. లండన్‌లో జేమ్స్ బర్బేజ్ 1576లోనే నాటకాల కోసం ప్రత్యేకంగా ఒక శాల కట్టాడు. దాని పేరు కూడా ‘ది థియేటర్’. కానీ అది మధ్యలో ఆకాశం కనిపించే చెక్క కట్టడం. 1598 చివర్లో దాన్ని విప్పేసి, ఆ దూలాలతోనే మరుసటి ఏడాది గ్లోబ్ కట్టారు. ఇవాళ అక్కడ మిగిలింది పునాదుల ఆనవాళ్ళే. కుడ్యరేఖ గారు చెప్పింది పైకప్పున్న భవనం సంగతి.

రినైసాన్స్ (సాంస్కృతిక పునరుజ్జీవన) కాలం నాటి ఇండోర్ థియేటర్లలో ఇవాళ్టికీ నిలిచినవి మూడే. విచెన్జాలో ఒలింపికో (1585), సబ్బియోనెటా (1590), పార్మాలో ఫర్నేజే (1618లో కట్టడం మొదలైంది). మూడూ ఉత్తర ఇటలీలోనే, ఒకదానికొకటి పెద్ద దూరం కూడా కాదు. ఒకే ట్రిప్పులో మూడూ చూడొచ్చు.

ఇక కట్టించిన మనిషి గురించి. వెస్పాసియానో 1531లో పుట్టాడు. మాంటువాని ఏలిన గొన్జాగా వంశంలో చిన్న శాఖవాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, మేనత్త జూలియా గొన్జాగా పెంచింది. స్పెయిన్ రాజు ఫిలిప్ 2 కొలువులో సేనానిగా పనిచేశాడు, వలెన్సియాలో రాజప్రతినిధిగా ఉన్నాడు, కోటలు కట్టడంలో ఆరితేరాడు. సొంత ఊరికి వచ్చేసరికి అక్కడ ఉన్నది ఒక పాత కోట, కొన్ని ఇళ్ళు. దాదాపు ముప్ఫై అయిదేళ్ళ పాటు దాన్ని నగరంగా మలిచాడు. గోడలు, ద్వారాలు, రాజభవనం, నాణేల ముద్రణాలయం, చర్చి, తన పురాతన శిల్పాల కోసం దాదాపు వంద మీటర్ల పొడవు గ్యాలరీ. 1577లో ఊరికి డచీ (డ్యూక్ ఏలే సంస్థానం) హోదా వచ్చింది. 1585లో స్పెయిన్ రాజు నుంచి గోల్డెన్ ఫ్లీస్ అనే రాజగౌరవ పతకం అందుకున్నాడు. ఇన్ని కట్టాక చివరగా కట్టింది ఈ థియేటర్. తెరిచిన ఏడాదికే, 1591 ఫిబ్రవరిలో చనిపోయాడు.

మిలాన్_తెలుగోడు
నేను చూశానండీ. మాంటువా నుంచి బస్సులో వెళ్ళాను. సబ్బియోనెటాకి రైలు లేదు, దగ్గర స్టేషన్ అంటే కజల్‌మజోరే.

బయటి గోడ మీద లాటిన్‌లో ఒక వాక్యం చెక్కి ఉంటుంది: ‘రోమా క్వాంతా ఫుయిత్ ఇప్సా రుయీనా దోచెత్’. రోమ్ ఎంత గొప్పదో దాని శిథిలాలే చెబుతాయని భావం. లోపలికి వెళ్ళాక ఆ మాట గోడ మీద వదిలేసిన అలంకారం కాదని అర్థమైంది.

హాలు పొడవాటి దీర్ఘచతురస్రం. ఒక చివర స్టేజ్. రెండో చివర అర్ధచంద్రాకారంలో మెట్లు, అవే సీట్లు. మెట్ల పైన కొరింథియన్ స్తంభాల వరస వంపు తిరిగి ఉంటుంది. ఆ స్తంభాల నెత్తిన ఒలింపస్ దేవతల విగ్రహాలు. స్తంభాల వెనక గోడ మీద రోమన్ చక్రవర్తుల బొమ్మలు. డ్యూక్ కూర్చునేది అక్కడే, అంటే చక్రవర్తులు వెనక, దేవతలు పైన, మధ్యలో తను.

పక్క గోడల మీద పెద్ద తోరణాల్లాగా చిత్రించి, వాటిలోంచి రోమ్ కనిపిస్తున్నట్టు వేశారు. ఒకవైపు కాపిటోలిన్ కొండ మీది చౌకు, ఎదురుగా హేడ్రియన్ సమాధి మీద లేచిన సాంత్ఆంజెలో కోట. గోడ లేనట్టు, బయటికి తొంగి చూస్తే రోమ్ ఉన్నట్టు భ్రమ. గోడల పైభాగంలో వేసిన బొమ్మలు నన్ను కదలనివ్వలేదు. అక్కడ బాల్కనీ పిట్టగోడ చిత్రించి, దాని మీద వాలి కిందికి చూస్తున్న ఆడా మగా మనుషుల్ని వేశారు. నాటకం చూడటానికి వచ్చిన జనమే వాళ్ళు, నాలుగు వందల ఏళ్ళుగా. ఖాళీ హాల్లో నేను, ఒక గైడ్, ఇంకో ఇద్దరు ఉన్నాం కానీ హాలు ఖాళీగా అనిపించలేదు. డబ్బింగ్ సినిమా చూసినట్టు పైపైన చూసి వెళ్ళే చోటు కాదండీ ఇది. అక్కడ కూర్చోవాలి.

తెరవెనుక
కుడ్యరేఖ గారికి నమస్కారం. నేను పరిషత్తు నాటకాలకు సెట్టింగులు వేస్తాను. ఫొటోల్లో స్టేజ్ మీద ఒక వీధి కనిపిస్తోంది, రెండు పక్కలా ఇళ్ళు, లోపలికి పోతున్నట్టు. అది తెర మీద పెయింటింగా? నిజంగా కట్టిందా? కట్టిందైతే లోతెంత, వాలెంత, నటులు దాని మీద నడుస్తారా? వివరంగా చెప్పగలరా.

కుడ్యరేఖ
తెరవెనుక గారూ, మీలాంటివాళ్ళు అడగాలనే రాశాను.

అది కట్టిందే. చెక్క చట్రం, గుడ్డ, గచ్చు పని, రంగులు. ఇలాంటి సెట్టుకి అప్పటి సూత్రాలు వాస్తుశిల్పి సెబాస్టియానో సెర్లియో రాసి పెట్టాడు, 1545లో అచ్చైన తన పుస్తకంలో. స్టేజ్ ముందు భాగం సమతలంగా ఉంటుంది, నటులు ఆడేది అక్కడే. దాని వెనక నేల ఎత్తుగా లేస్తుంది. సెర్లియో చెప్పిన వాలు తొమ్మిది అడుగులకు ఒక అడుగు. నేల పైకి లేస్తుంటే ఇళ్ళు రెండువైపుల నుంచి దగ్గరవుతూ పోతాయి, ఎత్తు తగ్గుతూ పోతాయి. కిటికీలు, చూరులు, అరుగులు అన్నీ అదే లెక్కన చిన్నవవుతాయి. చూరు గీతలు కిందికి దిగుతాయి, నేల గీతలు పైకి లేస్తాయి, అన్నీ ఒక బిందువులో కలుస్తాయి. కొన్ని మీటర్ల చోటులో పెద్ద వీధి కనిపిస్తుంది.

మీరడిగిన చివరి ప్రశ్నే అసలు చిక్కు. నటుడు ఆ వీధిలోకి నడవకూడదు. రెండడుగులు లోపలికి వేస్తే అతని భుజం రెండో ఇంటి కిటికీకి తగులుతుంది, ఇంకో రెండడుగులు వేస్తే మిద్దె పైకి తల లేస్తుంది. వీధి చూడటానికే, ఆట ముందు పట్టీ మీదే.

ఇంకో సంగతి. ఆ గీతలు పూర్తిగా కుదిరేది ఒక్క చోటు నుంచే. ఈ తరహా శాలల్లో ఆ చోటు ప్రభువు కూర్చునే చోటు. పక్క మెట్ల మీద కూర్చున్నవాళ్ళకి ఇళ్ళు కొంచెం వంకరగానే కనిపిస్తాయి. స్కమోత్సి విచెన్జాలో చేసింది వేరు. పల్లాడియో 1580లో చనిపోయాక ఆ స్టేజ్ పని స్కమోత్సి చేతికే వచ్చింది. అక్కడ రోమన్ పద్ధతిలో పెద్ద రాతిగోడలా కనిపించే వెనక గోడ ఉంది, దాని ద్వారాల్లోంచి వేర్వేరు వీధులు కనిపిస్తాయి. కాబట్టి ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక వీధి కనిపిస్తుంది. సబ్బియోనెటాలో ఆ గోడే తీసేశాడు. స్టేజ్ అంతా ఒకటే వీధి, చూపు ఒకటే. తర్వాతి కాలంలో యూరప్ థియేటర్లు నడిచింది ఈ దారిలోనే. నా దృష్టిలో విచెన్జా కంటే ఈ చిన్న ఊరి శాలే ముందుచూపున్నది. విచెన్జా రోమ్ వైపు తిరిగి చూస్తోంది, ఇది రాబోయే రోజుల వైపు చూస్తోంది.

శారద_కె
మీ వివరణ చాలా బాగుంది. కానీ ఒక విషయం ఇక్కడ దాటేస్తున్నారు. ఇవాళ సబ్బియోనెటాలో కనిపించే ఆ వీధి 1590 నాటిది కాదు. స్కమోత్సి సెట్టు తర్వాతి కాలంలో పోయింది. ఇప్పుడున్నది 1996లో పెట్టింది. విచెన్జాలోది మాత్రం 1585లో ‘ఈడిపస్ రాజు’ నాటకానికి వేసిన అసలు సెట్టు, అగ్నిప్రమాదాల ముప్పు, యుద్ధాలు దాటుకుని వచ్చింది. ఈ రెంటినీ ఒకే వరసలో పెట్టడం నాకు నచ్చలేదు. చూసేవాళ్ళలో చాలామంది అది నాలుగు శతాబ్దాల చెక్క అనుకునే ఫొటో తీసుకుంటారు.

కుడ్యరేఖ
శారద గారూ, 1996 సంగతి నిజమే. కానీ అది ఊహించి కట్టింది కాదు. స్కమోత్సి 1588లో స్వయంగా గీసిన డ్రాయింగ్ ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో భద్రంగా ఉంది. శాల నిలువుకోత, మెట్లు, స్తంభాలు, వీధి అన్నీ అందులో ఉన్నాయి. దాని ఆధారంగానే కట్టారు. పైగా ఈ హాలులో వీధి లేకపోతే మిగతాదంతా అర్థం లేకుండా పోతుంది. స్తంభాల వంపు, పక్క గోడల తోరణాలు, డ్యూక్ చోటు, అన్నీ స్టేజ్ మీది ఆ బిందువు కోసమే ఉన్నాయి. అక్కడ ఖాళీ గోడ పెడితే కళ్ళు లేని ముఖంలా ఉంటుంది.

శారద_కె
డ్రాయింగ్ అంటే ప్లాన్ అండీ, కట్టిన తర్వాత గీసిన రికార్డు కాదు. పని జరుగుతుండగా ఎన్ని మార్పులు చేస్తారో మీకు నాకంటే బాగా తెలుసు. రంగులేమిటి, ఏ ఇంటికి ఏ అలంకారం, ఎంత లోతు, వీటికి ఆ ఒక్క కాగితం చాలదు. నేను పాత కట్టడాల పరిరక్షణ పనిలో ఉన్నాను. మా దగ్గర కూడా ఇదే చూస్తుంటాను. కూలిన మంటపానికి కొత్త స్తంభాలు నిలబెడతారు, పదేళ్ళకి అవి పాతవాటితో కలిసిపోతాయి, ఆ తర్వాత ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. కొత్తది పెట్టొద్దని నేననను. కొత్తది కొత్తదిగా కనిపించాలి అంటున్నాను, అంతే.

మిలాన్_తెలుగోడు
ఈ విషయంలో పార్మా ఫర్నేజే చూడాలి శారద గారూ. వాస్తుశిల్పి అలెయోత్తి 1618లో కట్టిన ఆ పెద్ద శాల 1944 మే నెలలో బాంబు దాడిలో చాలావరకు నాశనమైంది. యుద్ధం తర్వాత, 1956 నుంచి, పాత కొలతలతో, దొరికిన పాత చెక్క కొంత వాడుకుని మళ్ళీ కట్టారు. ఒకప్పటి రంగులు, బొమ్మలు మళ్ళీ వేయలేదు. ఇవాళ వెళితే పచ్చి చెక్క రంగే కనిపిస్తుంది. ఏది పోయిందో చూసిన వెంటనే తెలుస్తుంది. మీరు కోరుతున్నది అదేననుకుంటా.

సబ్బియోనెటాలో గైడ్ మాకు 1996 సంగతి ముందే చెప్పింది. దాచలేదు.

శారద_కె
అవును, ఫర్నేజే పద్ధతే నాకు నచ్చుతుంది. గైడ్ చెప్పడం మంచిదే. కానీ గైడ్ లేకుండా వచ్చేవాళ్ళ కోసం ఆ సంగతి కట్టడమే చెప్పాలి.

చరిత్రపిచ్చి
మీ ఇద్దరి వాదనా విన్నాను. నాకు ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తోంది. ఆ సెట్టు ఎందుకు పోయింది?

వెస్పాసియానోకి వారసుడిగా కొడుకు మిగల్లేదు. ఒక్కగానొక్క కొడుకు లుయీజీ 1580లో చిన్న వయసులోనే చనిపోయాడు. దానిపై భయంకరమైన కథలు ప్రచారంలో ఉన్నాయి. తండ్రే కోపంలో కొట్టాడంటారు. కథలు కథలే, వాటి మీద నేను తీర్పు చెప్పను. మిగిలిన కూతురు ఇసబెల్లా నేపుల్స్ వైపు కరాఫా కుటుంబంలోకి వెళ్ళింది. డ్యూక్ లేడు, దర్బారు లేదు, దర్బారు లేకపోతే నటులకు జీతం ఇచ్చేదెవరు? శాల తెరిచిన ఏడాదికే ఊరి ఊపిరి ఆగింది. తర్వాత శతాబ్దాల్లో ఆ భవనాన్ని గిడ్డంగిగా, సైనికుల బసగా, చివరికి సినిమా హాలుగా కూడా వాడారు.

అదే సమయంలో నాటకరంగం ఇంకో వైపు మళ్ళింది. 1637లో వెనిస్‌లో సాన్ కసియానో తెరిచారు, టికెట్ కొన్న ఎవరికైనా ఒపెరా చూపించిన తొలి శాల అది. ఒపెరా జనానికి సీను మారాలి. అడవి, సముద్రం, మేఘాల్లోంచి దిగే దేవుడు, అన్నీ కావాలి. కదిలే పలకలు, చక్రాలు, తాళ్ళు వచ్చాయి. కదలని చెక్క వీధికి కాలం చెల్లింది. సబ్బియోనెటా డబ్బున్న ఊరై ఉంటే ఆ శాలను పగలగొట్టి బాక్సుల (చిన్న గదుల్లాంటి సీట్ల) వరసలతో కొత్త ఒపెరా హౌస్ కట్టి ఉండేవారు. ఇటలీలో ఎన్నో చోట్ల జరిగింది అదే. ఊరు పేదదైపోయింది కాబట్టే భవనం మిగిలింది. 2008లో మాంటువాతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా ఆ ఊరు మారకుండా ఉండిపోయినందుకే.

కొత్తసభ్యుడు22
అంటే ఇది ఒక్క రాజు కోసం కట్టింది, రాజు పోగానే మూతపడింది. మామూలు జనం కట్టుకున్న చిన్న ఊరి థియేటర్లు ఇటలీలో లేవా?

మిలాన్_తెలుగోడు
బోలెడు ఉన్నాయి తమ్ముడూ. ఉంబ్రియాలో మోంతే కాస్తెల్లో ది విబియో అని కొండ మీద పల్లెటూరు ఉంది. అక్కడ తెయాత్రో దెల్లా కొంకోర్దియా అనే చిట్టి ఒపెరా హౌస్ ఉంది, సీట్లు 99. 1808లో తెరిచారు. కట్టించింది డ్యూక్ కాదు, ఊళ్ళోని కుటుంబాలు కలిసి. చెక్క బాక్సులు, గంట ఆకారం, అంతా పెద్ద శాల మాదిరే కానీ చిన్న కొలతలో. 1951లో మూసేశారు, బాగుచేసి 1993లో మళ్ళీ తెరిచారు. కొంకోర్దియా అంటే ఐకమత్యం. ఫ్రెంచి విప్లవం తర్వాతి రోజులు కదా, పేరులోనే ఆ కాలపు గాలి ఉంది.

తెరవెనుక
అందరికీ ధన్యవాదాలు. ఒక మాట చెప్పాలి. సురభి వాళ్ళ నాటకాల్లో రాజమహల్ తెర, అడవి తెర, వీధి తెర చూస్తూ పెరిగాను నేను. ఆ వీధి తెర మీద కూడా ఇళ్ళు లోపలికి పోతూ చిన్నవవుతాయి, చూరులు కిందికి దిగుతాయి. అది మన వీధి భాగవతంలో లేదు, తోలుబొమ్మల్లో లేదు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చింది, కందుకూరి వారు నాటకాలు వేయించిందీ ఆ రోజుల్లోనే. 1885లో సురభి మొదలైంది. బొంబాయి పార్సీ కంపెనీల తెరలు మన స్టేజీ మీదికి వచ్చింది ఆ కాలంలోనే. పార్సీల దగ్గరికి ఇంగ్లీషు స్టేజ్ నుంచి, ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి ఇటలీ నుంచి వచ్చింది ఆ పద్ధతి. ఇంగ్లండ్‌లో ఇనిగో జోన్స్ అనే వాస్తుశిల్పి ఇటలీ వెళ్ళి నేర్చుకున్నదే అని చదివాను.

చరిత్రపిచ్చి
సరిగ్గా చెప్పారు గురువుగారూ. ఇనిగో జోన్స్ 1614లో వెనిస్ ప్రాంతంలో స్కమోత్సినే స్వయంగా కలిశాడు. మనిషి మంచివాడని మాత్రం రాసుకోలేదు, కానీ కలిసిన మాట వాస్తవం. జోన్స్ లండన్ దర్బారుకి ఈ పర్‌స్పెక్టివ్ (దూరం ఉన్నట్టు భ్రమ కలిగించే) సెట్లు వేశాడు. మీ వీధి తెరకి, ఈ చెక్క వీధికి చుట్టరికం ఉన్నట్టే.

తెరవెనుక
మాకు సంక్రాంతి తర్వాత పరిషత్తు పోటీలు. నాటకం మొత్తం ఒకే వీధిలో జరుగుతుంది. తెర కాకుండా ప్లైవుడ్‌తో నిజంగా కట్టి చూద్దామని మా కుర్రాళ్ళతో అంటున్నాను. శారద గారి మాట ప్రకారం పక్కన బోర్డు కూడా పెడతాం, సబ్బియోనెటా పద్ధతిలో కొత్తగా వేసిందని. కుడ్యరేఖ గారూ, వాలు తొమ్మిదికి ఒకటి అన్నారు. మా స్టేజ్ లోతు ఇరవై నాలుగు అడుగులు, ముందు పన్నెండు అడుగులు ఆటకి వదలాలి. మిగిలిన పన్నెండులో వీధి పడుతుందా?

కుడ్యరేఖ
పడుతుంది. పన్నెండు అడుగులకు వెనక చివర నేల ఒక అడుగు నాలుగు అంగుళాలు లేస్తుంది. మీ ప్రేక్షకులు సమతలం మీద కుర్చీల్లో కూర్చుంటారు కాబట్టి కంటి ఎత్తు సబ్బియోనెటాలోలా ఉండదు, గీతలు కలిసే బిందువును కిందికి దించాలి. జడ్జీలు ఏ వరసలో కూర్చుంటారో, స్టేజ్ ఎత్తెంతో, తెర వెడల్పెంతో చెప్పండి. మధ్య వరస నుంచి లెక్కగట్టి ఇళ్ళ ముఖాలు కాగితం మీద గీసి పంపుతాను. వెనక ఇంటి తలుపు మూడడుగులు మించకూడదు, మీ కుర్రాళ్ళెవరూ అటు నడవకుండా ముందే చెప్పి పెట్టండి.

తెరవెనుక
స్టేజ్ ఎత్తు మూడున్నర, తెర వెడల్పు ఇరవై ఎనిమిది. జడ్జీలు రెండో వరసలో. మీ డ్రాయింగ్ కోసం చూస్తుంటాను మేడమ్.